ఒకే జత స్కీల కోసం ట్రకీ దాకా

2010 మార్చిలో ఒక శనివారం ఉదయం నాలుగున్నరకి శాన్ రామన్‌లో మా ఇంటి ముందు కారు స్టార్ట్ చేసి కూర్చున్నాను. మురళి నాలుగున్నరకే వస్తానన్నాడు. వచ్చేసరికి ఐదూ ఐదైంది. డిసెంబర్‌లో కూడా ఇలాగే అరగంట ఆలస్యం చేశాడు. ఆ రోజు కొండల పైన మంచు మొదలై, టైర్లకి గొలుసులు కట్టించే చెయిన్ కంట్రోల్ దగ్గర రెండు గంటలు ఇరుక్కుపోయాం. ఆ సంగతి గుర్తుచేస్తే, తన స్కీలు నా కారు పైన కట్టుకుంటూ, "నువ్వు కోర్టుల గుమస్తా కావాల్సినోనివి రా" అన్నాడు.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. మురళిదీ నాదీ ఒకే ఆఫీసు, ఎనిమిదేళ్ళ స్నేహం. అతనిది హనుమకొండ, నాది తెనాలి. స్కీయింగ్ నాకంటే రెండేళ్ళు ముందు నేర్చుకున్నాడు కాబట్టి 2005లో నా మొదటి స్కీలు అతని మాట మీదే కొన్నాను. శాక్రమెంటోలో పాత సామాన్లు అమ్ముతున్నచోట, నాకంటే పొడుగ్గా, ఇనప కమ్మీల్లా గట్టిగా ఉన్న రేసింగ్ స్కీలు చూపించి ఇవే తీసుకోమన్నాడు. ఐదు చలికాలాలు వాటి మీద పడుతూ లేస్తూ దిగాను. తప్పు నాదే అనుకున్నాను. పోయిన దీపావళికి పన్నెండు మంది ఉన్న పాట్‌లక్‌లో, నేను జోక్‌కు చూపిస్తే వీడు నిజంగనే కొన్నడు అని చెప్పి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాల్సొచ్చింది.

అందుకే ఈసారి నా స్కీలు నేనే ఎంచుకోవాలనుకున్నాను. అవి మంచివని మురళి తన నోటితో ఒప్పుకోవాలి. నాకు కావలసింది అంతే.

నేను చూడబోయేవి ట్విన్ టిప్ స్కీలు. మామూలు స్కీలకి ముందు కొస మాత్రమే పైకి వంగి ఉంటుంది. వీటికి వెనక కొస కూడా వంగి ఉంటుంది కాబట్టి వెనక్కి తిరిగి కూడా దిగొచ్చు. పార్క్ అంటే జంపులూ, మీదుగా జారడానికి పెట్టెలూ, కమ్మీలూ అమర్చిన వాలు. కుర్రాళ్ళంతా అక్కడే ఉంటారు. పార్కుకీ మిగతా కొండంతటికీ పనికొచ్చే ఒకే జత కావాలని నా పట్టుదల. ముప్పై తొమ్మిదేళ్ళకి పార్కేంది అని మురళి నవ్వేవాడు. ఆ చలికాలం ఆఫీసుకి సెలవు పెట్టి నాలుగుసార్లు ఒక్కణ్ణే వెళ్ళి తక్కువ ఎత్తు పెట్టెల మీద జారడం నేర్చుకున్నానని అతనికి చెప్పలేదు.

680 హైవే మీదుగా బెనీషియా వంతెన దాటి 80 ఎక్కాం. శాక్రమెంటో ఆరూ ఇరవైకి, ఆబర్న్ ఏడింటికి. ఆబర్న్‌లో కాఫీకి ఆగడం మంచిది. ఆ పైన దొరికే కాఫీకి రెట్టింపు తీసుకుని సగం రుచి ఇస్తారు. మురళి వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర కారులోనే తిన్నాం. ఆవిడ ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. కోడలు పనిమీద ఇండియా వెళ్ళడంతో ఆ రెండంతస్తుల ఇంట్లో ప్రస్తుతం తల్లీకొడుకులిద్దరే. అంత దూరం పోయి పైసలిచ్చి జారి పడుడెందుకు బిడ్డా అని ఆవిడ అడిగారట.

ఎనిమిదీ నలభైకి ట్రకీ దాటి కొండ దగ్గరికి చేరాం. పేరు రాయను. డెమో రోజున, అంటే కంపెనీలు కొత్త స్కీలు వాడి చూడమని ఇచ్చే రోజున, కింద వరసగా టెంట్లు వేసి ఉంటాయి. లైసెన్స్ వాళ్ళ దగ్గర పెట్టి, ఫారం నింపి, ఒక జత తీసుకుని రెండుమూడుసార్లు దిగి, తిరిగిచ్చి ఇంకోటి తీసుకోవచ్చు. బూట్లు మనవే ఉండాలి. తొమ్మిది లోపు చేరకపోతే లైన్లో నిలబడే సగం రోజు పోతుంది. మేం చేరేసరికే ముందు పదిహేను మంది ఉన్నారు. ఆ ముప్పై ఐదు నిమిషాలు ఎవరు తిన్నారో నేను పైకి అనలేదు.

టెంట్‌లో ఎర్ర జడ వేసుకున్న ఒకమ్మాయి నా బరువు, ఎత్తు, వయసు రాసుకుంది. బూటు పక్కనున్న నంబరు చూసింది. ఎలా దిగుతావు, నెమ్మదిగానా, మామూలుగానా, దూకుడుగానా అని అడిగింది. నిజానికి నేను మామూలు. కానీ మురళి పక్కనే నిలబడి వింటున్నాడు. దూకుడుగా అన్నాను. మురళి దగ్గి ఊరుకున్నాడు. ఆ దగ్గు నాకు బాగా అర్థమైంది.

ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్‌తో బైండింగ్ ఏడున్నరకి బిగించింది. బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. మనిషి పడినప్పుడు కాలు మెలిపడక ముందే అది బూటుని వదిలెయ్యాలి. అంకె పెరిగేకొద్దీ వదలడానికి ఎక్కువ బలం కావాలి. బిగించాక ఆమె నా పేరు టేపు మీద రాసి స్కీకి అంటించి, వీటిని వేరేవాళ్ళకి ఇవ్వొద్దు అంది. ఆ మాట ఒక్కసారే అంది, అదీ తల వంచుకుని. నేను విన్నాను.

మొదటి జత పార్కు కోసమే చేసింది. పెట్టె మీద వెన్నలా జారింది. కానీ పొద్దుటి గట్టి మంచులో మలుపు తిప్పితే గజగజ వణికింది. పదింటికి తిరిగిచ్చాను. రెండో జత వెడల్పాటిది. చెట్ల మధ్య మెత్తటి మంచులో హాయిగా తేలింది, పార్కులో మాత్రం మోతబరువు. జంప్ మీద నుంచి దిగేసరికి తోక నేలకి కొట్టుకుని వెనక్కి విసిరేసింది. ఇవన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మధ్యాహ్నం లాడ్జిలో గిన్నెడు రాజ్మా కూర తింటుంటే మురళి ఆ నోట్‌బుక్ వైపు చూసి, "అండ్ల నా పేరు మీద ఎన్ని పేజీలున్నయ్?" అన్నాడు. పక్క టేబుల్ దగ్గర మన తెలుగు స్టూడెంట్స్ ఇద్దరు విని నవ్వారు.

ఒంటిగంటకి తీసుకున్న మూడో జతే నేను వెతుకుతున్నది. మరీ వెడల్పు కాదు, మరీ మెత్తన కాదు. గట్టి వాలు మీద అంచు పట్టింది, పెట్టె మీద కుదురుగా జారింది, చిన్న జంప్ మీద నుంచి దిగితే నిలబెట్టింది. మొదటిసారి నాలుగు గజాలు వెనక్కి కూడా దిగాను. కొండపైకి తీసుకెళ్ళే కుర్చీ లిఫ్ట్‌లో నా పక్కన కూర్చున్న ఒక ముసలాయన వాటిని చూసి తన మనవడివీ ఇలాంటివే అన్నాడు. వాడు నాకు ముందుగా వెనక్కి తిరిగి దిగుతాడు, కొండ దిగుతూ ఎదురుగా మనవడి మొహం చూసే అదృష్టం నాది అన్నాడు. ఆ రోజు నాతో మంచిగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

రెండున్నరకి పై లిఫ్ట్ దగ్గర మురళి కలిశాడు. ఈ జత ఒక్కసారి ఎక్కి చూడమన్నాను. బూటు నంబర్లు ఇద్దరివీ ఒకటే.

"సెట్టింగ్ వేరే ఉంటది రా. నాది నాలుగు. టెంట్ కాడికి పోయి మార్పించుకుంట," అన్నాడు.

కిందికెళ్ళి లైన్లో నిలబడితే ఇంకో అరగంట. టెంట్లు మూడున్నరకి మూసేస్తారు. మంచు అప్పటికే తడిసి బరువెక్కుతోంది. అతను తప్పించుకోడానికి సాకు చెబుతున్నాడనిపించింది. లిఫ్ట్‌లో పైకి వెళ్ళినంతసేపూ అడిగాను. దిగాక మళ్ళీ అడిగాను. చివరికి అన్నాను:

"బాగున్నాయని ఒప్పుకోవాల్సొస్తుందని భయమా?"

మురళి తన స్కీలు విప్పేసి, "తే," అన్నాడు.

మురళి బరువు నూట ముప్పై ఎనిమిది పౌండ్లు. నాది నూట తొంభై రెండు.

అతని స్కీల మీద నేను గట్టిగా తిప్పిన మొదటి మలుపులోనే ఎడమది ఊడిపోయింది. తొడుక్కుని ఇంకో యాభై గజాలు వెళ్ళేసరికి కుడిది ఊడింది. ఇతని స్కీలకి కూడా నేనంటే లెక్కలేదనుకుని తిట్టుకున్నాను. అవి నా కాళ్ళ నుంచి అంత తేలిగ్గా ఊడిపోతున్నాయంటే, నావి అతని కాళ్ళని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో ఆలోచించలేదు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని రెండోసారి స్కీ దులుపుకుంటున్నప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది. అరిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాడు.

మురళి పడ్డప్పుడు వేగం కూడా లేదు. వాలు చివర దాదాపు చదునుగా ఉన్నచోట, బరువెక్కిన మంచులో వెనక్కి కూర్చుండిపోయాడు. ఎడమ స్కీ లోపలి అంచు మంచులో దిగబడి కాలిని పక్కకి తిప్పేసింది. బైండింగ్ వదల్లేదు. మోకాలు తిరిగింది. నేను చేరేసరికి స్కీ ఇంకా కాలికే ఉంది. వంగి నా చేత్తో విప్పాను.

"టప్‌మన్నది రా," అన్నాడు. అరవలేదు. పెదాలు తెల్లబడ్డాయి.

ఎవరైనా పడితే వాళ్ళకి కాస్త పైన రెండు స్కీలు అడ్డంగా కలిపి మంచులో గుచ్చాలి. దూరం నుంచి చూసినవాళ్ళకి అది గుర్తు. నేను గుచ్చినవి మురళి స్కీలు. పావుగంటకి స్కీ పట్రోల్‌వాళ్ళు, అంటే కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని దించేవాళ్ళు, మంచు మీద జారే స్లెడ్ బండి తెచ్చి అతన్ని కట్టి దించారు. కింద క్లినిక్‌లో డాక్టరు మోకాలు అటూ ఇటూ కదిపి చూసి, లోపల లిగమెంట్ తెగినట్టుందని, స్కాన్ తీశాక ఆపరేషన్ సంగతి మీ ఊళ్ళో తేల్చుకోమని చెప్పాడు. తొడ నుంచి మడమ దాకా కట్టు బిగించారు.

టెంట్ అమ్మాయి స్కీలు తీసుకెళ్ళడానికి వచ్చింది. టేపు మీద నా పేరు చూసింది, మంచం మీద మురళిని చూసింది. పట్రోల్ మనిషి ఫారం పట్టుకుని, ఈ స్కీలు అతనికెలా వచ్చాయని నన్ను అడిగాడు.

నేను ఎన్నో ఫిర్యాదు ఫారాలు నింపినవాణ్ణి. ఎయిర్‌లైన్స్ మీద, అపార్ట్‌మెంట్ మేనేజర్ మీద, దంతాల డాక్టర్ మీద రాశాను. ఏ ఒక్క వివరం వదిలేవాణ్ణి కాదు. టేపు మీదున్న నా పేరు వైపు చూశాను.

"నేనే అడిగి తీసుకున్న," అని మురళి ఇంగ్లీషులో చెప్పాడు. "ఇతను వద్దన్నాడు. నేనే వినలేదు."

పట్రోల్ మనిషి అలాగే రాసుకున్నాడు. నేను దిద్దలేదు.

నాలుగూ నలభైకి బయల్దేరాం. వెనక సీట్లో కాలు బారుగా చాపుకుని మురళి అడ్డంగా కూర్చున్నాడు. కాల్ఫాక్స్ ఊరి దాకా నా లోపల లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. ఆ అమ్మాయి గట్టిగా చెప్పలేదు, టెంట్లు తొందరగా మూసేస్తారు, ఇతను పొద్దున ఆలస్యం చేశాడు అని ఒక్కొక్కటే పేర్చుకున్నాను. పేర్చినవన్నీ చివరికి ఆ లిఫ్ట్ దగ్గర నేనన్న మాట దగ్గరికే వచ్చి ఆగాయి.

ఆబర్న్‌లో కాఫీ తెచ్చిచ్చాను. రెండు గుక్కలు తాగి, "రాసుకో," అన్నాడు.

"ఏంటి?"

"మూడోది మంచి జత. మలుపుల తోక జారిపోదు, కానీ కావాల్నంటె వదుల్తది. నా కార్వింగ్ స్కీల కన్న నయం. నీ ఎత్తుకు కరెక్ట్ సైజు. అదే కొనుక్కో."

అద్దంలో అతని మొహం చూశాను. వెక్కిరింపు లేదు. దీపావళి నుంచి నేను వినాలనుకున్నది అక్షరం తక్కువ కాకుండా చెప్పాడు. నోట్‌బుక్ డాష్‌బోర్డ్ మీదే ఉంది. తియ్యలేదు.

బైండింగ్ నాలుగు మీద ఉన్నా ఇట్లనే అయ్యేదేమో, ఎవరికి తెలుసని డాక్టరే అన్నడు, అని కూడా అన్నాడు. ఇంకెవరైనా ఆ మాట అడ్డం పెట్టుకుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. "నువ్వు నన్ను తిట్టవేంట్రా?" అన్నాను. అద్దంలో మళ్ళీ చూశాను. నిద్రపోయాడో, కళ్ళు మూసుకున్నాడో తెలియదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇది. శనివారం ఐదు లోపు బయల్దేరండి. టెంట్‌లో మీరెలా దిగుతారో నిజం చెప్పండి, పక్కన ఎవరున్నా సరే. ట్విన్ టిప్‌లలో మధ్యరకం వెడల్పుది పార్కుకీ కొండకీ రెంటికీ సరిపోతుంది. అందులో నాకు అనుమానం లేదు. మీ పేరు అంటించిన స్కీలు ఇంకొకళ్ళ కాళ్ళకి తొడగకండి. నేను ఆ జత కొనలేదు. పాత రేసింగ్ స్కీలు గరాజ్‌లోనే ఉన్నాయి.

బెనీషియా వంతెన దగ్గరికి వచ్చేసరికి మురళి ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. స్పీకర్ మీద పెట్టాడు. మెట్లెక్కలేని కొడుకుని ఆ రాత్రి నుంచి చూసుకోవాల్సింది ఆవిడే. పడ్డనమ్మా, నేనే పడ్డ, మోకాలికి జరంత దెబ్బ, అన్నాడు. ఆవిడ నా పేరు పెట్టి అడిగారు.

"నీకేం కాలేదు గద బిడ్డా?"

రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, నాకేం కాలేదమ్మా అని చెప్పాను.