నిమ్మకాయ తీసిన వారం

ఆ రోజుల్లో ఇంటిపని అంటే చేసేది కాదు, దించేది. జనగామలో మా ఏడో తరగతిలో నలభై మందిమి ఉంటే, పొద్దున ప్రార్థన గంట కొట్టేలోగా ఒక్క నోటుబుక్కు నలభై చేతులు మారేది. మొదట రాసినవాడు తప్పు రాస్తే అందరం అదే తప్పు రాసేవాళ్లం, అందరం కలిసి దెబ్బలు తినేవాళ్లం, అందులో ఒక సుఖం కూడా ఉండేది. ఇప్పుడు ఇంటిపని తల్లుల ఫోన్లకు వస్తోంది, తల్లులే చేసి పంపుతున్నారు. (మొన్న మా మేనకోడలి అట్టముక్కల అగ్నిపర్వతాన్ని రెండు రోజులు కూర్చుని నేనే చేశాను. మార్కులు నాకు బాగానే వచ్చాయి.) అది చూస్తుంటే మా సైన్సు సారు మీద బెంగ పుడుతుంది.

పెద్దవంగర వైపు మనిషి. మేం పెట్టిన పేరు రుజువు సారు. కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోదామనుకుంటే దానికీ రుజువు అడిగేవాడు. దేవుడైనా దయ్యమైనా సారు బల్ల దగ్గర వరుసలో నిలబడి తన వంతు కోసం చూడాల్సిందే. ఆ మాటలు విని విని పన్నెండేళ్లకే నేను లోకాన్ని బాగుచేయడానికి సిద్ధమైపోయాను. ఒక శనివారం సారు గైడు ముట్టకుండా చేయాల్సిన ఇంటిపని ఇచ్చాడు. "మీ ఇంట్ల ఉన్న నమ్మకం ఒకటి పట్టుకోండ్రి. వారం దినాలు పరీక్ష చెయ్యండ్రి. ఏమేం జరిగితే అదంత రాయండ్రి" అన్నాడు. వచ్చే శనివారం తల్లిదండ్రులను పిలుస్తారట, అందరికంటే బాగా రాసినవాళ్లు వాళ్ల ముందు చదవాలట. మా బెంచీ మీది పిల్ల పిల్లి ఎదురైతే ఏమవుతుందో చూస్తానని బయలుదేరింది. వారమంతా ఒక్క పిల్లీ ఎదురు రాలేదు. పరీక్ష వాయిదా పడిందని రాసింది. తరగతి మొత్తంలో నిజాయితీగా రాసింది అదొక్కతే అని తర్వాత తెలిసింది.

మాది ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు. ప్రతి శనివారం మా అవ్వ (నాయిన తల్లి) ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు దారానికి గుచ్చి దుకాణం దర్వాజకు కట్టేది. నేను దాన్నే ఎంచుకున్నాను. నోటుబుక్కులో నాలుగు పేజీలు ఖాళీగా వదిలి, చివర 'కాబట్టి దిష్టి అనేది మూఢనమ్మకం' అని ముందే రాసిపెట్టుకున్నాను. అక్షరాల కింద స్కేలుతో రెండు గీతలు కూడా కొట్టాను. సోమవారం పొద్దున నాయిన వెనక గదిలో కందిపప్పు తూస్తుండగా స్టూలు లాగి, ఎక్కి, దారం తెంపి, నిమ్మకాయను కంపాస్ పెట్టెలో దాచి బడికి పరుగెత్తాను.

సాయంత్రం వచ్చేసరికి నాయిన మంచం మీద ఉన్నాడు. కుడికాలి మడమ వాచి, దాని మీద పసుపూ సున్నమూ కలిపిన పట్టు. "ఏ పాపిష్టి కండ్లు పడ్డయో నా కొడుకు మీద" అని అవ్వ గొణుగుతోంది. ఎట్లా పడ్డావు నాయినా అని అడగాలి కదా, అడగలేదు. వచ్చే జవాబుకు భయపడ్డాను. బుధవారం ఎలుకలు చక్కెర బస్తాకు బొక్క పెట్టాయి. శుక్రవారం కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఆగిపోయింది. లోకంలోని కండ్లన్నీ మా దుకాణం మీదనే ఉన్నాయా అనిపించింది. నాయిన కుంటుతూ నూనె పోస్తుంటే నాకు అన్నం సహించలేదు. తిరిగి కట్టేద్దామంటే నిమ్మకాయ ఎండిపోయింది, మిరపకాయలు నా వృత్తలేఖినికి అంటుకున్నాయి. ఓడిపోయానని ఒప్పుకోవడానికీ మనసొప్పలేదు. ఖాళీ పేజీల్లో పెద్ద అక్షరాలతో 'ఎలాంటి హానీ జరగలేదు' అని నింపాను. శనివారం పొద్దున కొత్తది కట్టబోయిన అవ్వ, పాతదాన్ని కోతి తెంపుకపోయిందని తేల్చింది. నేనూ చూశానన్నాను.

కాలు బాగాలేదు కాబట్టి నాయిన రాడనుకున్నాను. పక్క దుకాణం ఆయన బండి వెనక కూర్చుని వచ్చాడు. చివరి బెంచీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. చదవడానికి సారు నన్నే పిలిచాడు. గొంతు సవరించుకుని, ఈ వారం రోజుల్లో మా దుకాణానికి గానీ మా ఇంటివాళ్లకు గానీ ఎలాంటి హానీ జరగలేదని చదివాను. బజారు బజారంతా తెలిసిన కాలు అది. అందరూ వెనక్కి తిరిగి దాన్నే చూశారు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గది మొత్తం నవ్వింది.

సారు నవ్వలేదు. "అన్నా, కాలుకు ఏమైంది?" అని అడిగాడు.

"ఏం లేదు సార్. సోమారం పొద్దుగాల స్టూలు తట్టుకొని పడ్డ. దర్వాజల ఎవలు పెట్టిండ్రో ఏమో."

నోటుబుక్కు మూసి, "నేనే నాయినా. నిమ్మకాయ తీసేటందుకు ఎక్కిన. మల్ల లోపల పెట్టలె" అన్నాను. నాయిన నా దిక్కు చూసి, కోపం లేకుండా, "గదా సంగతి" అన్నాడు. ఆ మెత్తదనానికే ఏడుపొచ్చింది.

సారు నా నోటుబుక్కు తీసుకున్నాడు. "నువ్వు రాసింది పరీక్ష గాదు బిడ్డా, వకాల్తా. నాయిన పడ్డడని రాస్తే ఎట్ల పడ్డడని అడుగుదువు. అడిగితే స్టూలు దొరుకుతుండె. నిమ్మకాయను గెలిపియ్యాల్నా ఓడియ్యాల్నా అన్నది నీ పని గాదు. సోమారం మల్ల రాసుకరా." కొట్టలేదు. కొడితే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఆదివారం అవ్వ దగ్గర కూర్చుని కోతితో సహా అన్నీ ఒప్పుకున్నాను. అవ్వ తీరిగ్గా విని, "అయితే నిమ్మకాయ తీసినందుకే కాలు బెణికింది గద" అంది. కాదవ్వా, స్టూలు తట్టుకుని కదా అన్నాను. "స్టూలు ఎందుకేసినవ్?" నిమ్మకాయ తీయడానికి. "మరి?" బల్బు మార్చడానికి స్టూలు వేసినా పడేవాడే కదా అని వాదించాను. "బల్బుకు ఎయ్యలేదు గద" అంది. ఆ తర్వాత ఎన్నో వేదికల మీద ఎందరు స్వాములతోనో వాదించాను, ఇంత చిక్కని వాదన మళ్లీ ఎదురు కాలేదు. సోమవారం అది కూడా రాసుకుపోయాను. సారు దాని కింద ఎర్ర సిరాతో 'అవ్వకు అర్థమయ్యేటట్టు జవాబు రాయుము' అని రాసి ఇచ్చాడు. నేను రాసేలోగా జూన్ వచ్చింది, సారుకు భూపాలపల్లి అవతలికి బదిలీ అయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు అవ్వా పోయింది.

ఇప్పుడు సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్లు పన్నెండో ఏటనే మూఢనమ్మకాన్ని తెంపి పారేసిన మనిషి అంటారు, జనం చప్పట్లు కొడతారు. ఆ వారం తర్వాత పదో తరగతి దాకా ప్రతి శనివారం, అవ్వ పడకుండా స్టూలు గట్టిగా పట్టుకుని నిలబడింది కూడా నేనేనని ఏ సభలోనూ చెప్పలేదు. తల మీద అవ్వ చీరకొంగు తగులుతుంటే బాగుండేదనీ చెప్పలేదు. జరిగినదంతా ఇప్పుడు రాశాను, సార్. ఆలస్యమైంది. దిద్దడానికి మీరెక్కడున్నారో తెలియదు.