మధ్యాహ్నం రెండున్నర క్వెరీ

లేఆఫ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళను చూశాను, వీసా తేలక పెట్టె సర్దుకున్నవాళ్ళను చూశాను. తెరమీద తన పేరు చూసి తానే మురిసిపోయి, చేతికొచ్చిన పెద్ద ఉద్యోగాన్ని కాలదన్నుకున్నవాణ్ణి మాత్రం అద్దంలోనే చూశాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకున్నా పైకి చెప్పను.

అప్పుడు నేను అమెరికాలోని అల్ఫారెట్టాలో ఉండేవాణ్ణి. మా కంపెనీ ఉద్యోగుల వివరాలన్నీ ఉండే డేటాబేస్ ఉన్నట్టుండి నత్తనడక పట్టింది. దాన్ని ఎవరు ఏమడిగి విసిగిస్తున్నారో కనిపెట్టమని మా మేనేజర్ నాకు పురమాయించారు. నేను డేటాబేస్ ముందు ఒక ప్రాక్సీ పెట్టాను. అంటే లోపలికి వెళ్ళే ప్రతి ప్రశ్నా, మా భాషలో క్వెరీ, ముందు నా గుమ్మం తొక్కాలి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎన్నింటికి అడిగారు, అన్నీ నా తెరమీద పడతాయి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూసే వాచ్‌మన్ పనే, కాకపోతే ఏసీలో.

ఆ పని నాకు తెగ నచ్చింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు మెల్లగా పైకి తేలిపోతుండేవి. కిటికీ అవతల పైన్ చెట్లు ఊగుతుండేవి. ఎక్కడో ఎవరో ఎవరి ఫోన్ నంబరో అడుగుతున్నారు, ఎవరి పుట్టినరోజో చూస్తున్నారు. ఆ వరసలు చూస్తూ చూస్తూ నేను ఎటో వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి కాఫీ చల్లారిపోయి ఉండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఆ వరసల్లో నా పేరే తేలుతూ వచ్చింది. వేంకట సూర్య వరప్రసాద్ కొండూరి వివరాలు కావాలట. అడిగింది మాకంటే గడియారం గంట వెనక నడిచే షామ్‌బర్గ్ ఆఫీసులో హరిణి. హరిణి అంటే నాకు కాన్ఫరెన్స్ కాల్‌లో వినిపించే గొంతు మాత్రమే. ఆ గొంతు "నా వాయిస్ వినిపిస్తోందా అండీ?" అని అడిగిన రోజున నాకు ఇంకేమీ వినిపించేది కాదు. బుధవారం రెండున్నరకు నా పేరు మళ్ళీ వచ్చింది. గురువారం కూడా. అక్కడ అప్పుడు ఒంటిగంటన్నర. భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, ఆ అమ్మాయి మొదట తలుచుకునేది నన్నే. ఇంకెవరైనా అయితే ఏదో పనుండి అడిగిందనుకునేవారు. నేను ఆరోజే రెండు కొత్త చొక్కాలు ఆర్డర్ చేశాను.

మా రూమ్మేట్ కిరణ్ వాళ్ళ నాన్నగారు అప్పట్లో ఆరు నెలలకని వచ్చి మాతోనే ఉన్నారు. తెనాలి రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం వాకింగ్‌లో ఆయన్ని మెల్లగా కదిపాను.

"అంకుల్, ఒకే మనిషి వివరాలు రోజూ ఒకే టైముకి ఎందుకడుగుతారంటారు?"

"ఒకసారి అడిగితే పనుండి. రోజూ అడిగితే మనసుపడి. మా ఆఫీసుకి ఒకాయన వారం వారం వచ్చి ఒకే సర్వే నంబరుకి ఈసీ తీయించేవాడు. చివరికి ఆ పొలం కొనే వదిలాడు. ఇంతకీ ఎవరిదబ్బాయ్ పొలం?"

"నాదే అంకుల్."

"అయితే ముందు కాగితాలు సరిగ్గా పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే కాగితాలు సరిగ్గా పెట్టాను. ఆఫీసు రికార్డులో పాత ఫొటో తీసేసి నీలం కుర్తా ఫొటో ఎక్కించాను. పేరు మరీ బోసిగా కనిపించింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు నింపేశాను: వేంకట సత్య సూర్య నాగ లక్ష్మీనరసింహ వరప్రసాదరావు కొండూరి. అందులో మా తాతలిద్దరూ ఉన్నారు. మంచి కుటుంబమని అమ్మాయికి తెలియాలా వద్దా?

ఆరోజు రెండున్నరకు క్వెరీ వచ్చింది. నిమిషం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మూడింటిలోపు పదకొండు సార్లు వచ్చింది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. లేచి వెళ్ళి పార్కింగ్ లాట్‌లో ఎవరి కారు చుట్టో మూడు ప్రదక్షిణాలు చేసొచ్చాను.

సరిగ్గా ఆ పై వారమే మేనేజర్ పిలిచి మా టీమ్‌ను ఎత్తేస్తున్నామన్నారు. మా చాండ్లర్ ఆఫీసులో లీడ్ పొజిషన్ నాకోసం ఉంచారట. అది వద్దనుకుంటే షామ్‌బర్గ్‌లో ఇప్పుడు చేస్తున్న పనే చేసుకోవచ్చట. శుక్రవారంలోగా చెప్పమన్నారు.

"చాండ్లర్ అయితే గ్రీన్‌కార్డ్ ఫైలింగ్ కూడా వెంటనే స్టార్ట్ చేస్తారంట. ఇంకా ఆలోచించేదేముందిరా?" అన్నాడు కిరణ్.

నిజమే, నేను ఆలోచించలేదు. వాడు మాట ముగించేలోపే షామ్‌బర్గ్ అని రాసి పంపించేశాను.

షామ్‌బర్గ్‌లో మొదటిరోజు ఒంటిగంటన్నరకు కొత్త చొక్కా వేసుకుని హరిణి సీటు దగ్గరికి వెళ్ళాను. తెరమీద నా పేరే ఉంది. ఒళ్ళు పులకరించింది.

"నేను ప్రసాద్‌నండి. అల్ఫారెట్టా నుంచి..."

"కొండూరి ప్రసాద్? ఈ పేరు మీదేనా?" ఆమె కుర్చీ గిర్రున తిప్పింది. "ఎన్నాళ్ళ నుంచో మిమ్మల్ని చూడాలనుకుంటున్నానండి."

"నేనూ అంతే."

"ఒకసారి ఇది చూడండి. కొత్త స్క్రీన్ టెస్ట్ చేస్తున్నా. కంపెనీ మొత్తంలో మీ పేరొక్కటే బాక్స్‌లో పట్టట్లేదు. వెళ్ళి సేవ్ బటన్ మీద పడుకుంటోంది. రోజూ లంచ్ అవగానే మీతోనే నా కుస్తీ. హమ్మయ్య, ఫిక్సయిందనుకున్న రోజే ఎవరో ఇందులో సత్య, నాగ, లక్ష్మీనరసింహ యాడ్ చేశారు. ఆరోజు పదకొండు సార్లు చూశాను, ఏడుపొక్కటే తక్కువ. ఎవరు చేశారో మీకేమైనా తెలుసా?"

"కనుక్కుంటానండి," అన్నాను.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నా సీటుకు వెళ్ళి, నీలం కుర్తా ఫొటో వైపు చూడకుండా, తాతలిద్దరినీ తీసేశాను.

రెండు నెలలు గడిచాయి. నేను వదులుకున్న చాండ్లర్ పోస్టులో రవి అనే కుర్రాడు చేరాడు. హరిణి ఉండే కాన్ఫరెన్స్ కాల్స్‌లోకి అతనూ వచ్చేవాడు. ఒకరోజు ప్రాక్సీ చూస్తుంటే ఒంటిగంటన్నరకు హరిణి క్వెరీ వచ్చింది. పేరు రవి. మర్నాడూ రవే. నాకు అతనిమీద జాలేసింది. పొడుగు పేర్ల టెస్టింగ్ అయిపోయింది, ఇప్పుడు పొట్టి పేర్లు మొదలయ్యాయి, పాపం ఇతనూ ఏదో ఊహించుకుని కొంప ముంచుకుంటాడని ఫోన్ చేశాను.

"రవీ, అనుభవంతో చెబుతున్నా. హరిణి రోజూ నీ వివరాలు చూస్తోందని నీకు తెలిసిందనుకో, ఏదేదో అనుకోకు. అది ఉత్త టెస్టింగ్."

రవి గొంతు తగ్గించి అడిగాడు.

"హరిణి రోజూ చూస్తోందా అన్నా?"

"రోజూ. లంచ్ అవగానే. అయినా నువ్వు పట్టించుకోకు."

"సరే అన్నా. ఆవిడ నంబరుందా?"

నంబరు కూడా నేనే ఇచ్చాను. పిల్లవాడు తేల్చేసుకుంటే మంచిదేగా అనుకున్నాను.

పోయిన నెల వాళ్ళ పెళ్ళి శుభలేఖ వచ్చింది. అడుగున రవి చేతిరాతతో రెండు ముక్కలున్నాయి: "అన్నా, మీరు ఆరోజు ఫోన్ చేయకపోతే మా ఇద్దరిలో ఎవరమూ నోరు విప్పేవాళ్ళం కాదు. మీరు తప్పకుండా రావాలి."

కాబట్టి పాఠకులారా, నా కీబోర్డు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రాక్సీలోంచి ఎవరి పేరు వెళ్ళినా చూసి ఊరుకుంటాను. దానికి అర్థం చెప్పుకోను. చెప్పుకున్నా, ఫోన్ చేసి అవతలివాడికి చెప్పను.