రెండు గంటలు కొడితే కుడి

ఆ రోజుల్లో మా పాల్వంచ వైపు చదువు అయిపోయి ఉద్యోగం రాని కుర్రాడికి ఇంట్లో ఒక హోదా ఉండేది. ఎవరు ఏ పని చెప్పినా కాదనకూడదు. ఆ హోదాలోనే నేను ఈ లోకంలో బహుశా ఇంకెవరూ చేయని కొలువొకటి చేశాను. లారీకి వెనక డ్రైవరుని. (వెనక కూర్చునే డ్రైవరు కాదు, వెనక చక్రాలు తిప్పే డ్రైవరు. ఈ తేడా విడమర్చి చెప్పబోయి ఒక పెళ్లి సంబంధం పోగొట్టుకున్నాను.) దీనికంతటికీ కారణం మా మేనమామ. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి నవ్వుతూ చెప్పాలో, బాధపడుతూ చెప్పాలో తెలియడం లేదు. రెండూ కలిపే చెబుతాను.

మామ సర్వీసంతా ఎర్రబస్సు తోలాడు. టేకులపల్లి అవతల అడవిలోకి వెళ్లే రూటు ఆయనది. ఆ దారిలో ఒక కోయ గుంపు, అంటే చిన్న పల్లె, ఉంది. ఎండాకాలం వస్తే గుంపంతా బీడీలు చుట్టే తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టేవారు. కానీ ఆ ఆకు తీసుకుపోవడానికి కల్లం దాకా లారీ వచ్చేది కాదు. మధ్యలో ఒక పక్క పెద్ద బండ, ఇంకో పక్క వాగు, ఆ రెంటి నడుమ ఇరుకైన మలుపు. అక్కడ లారీ తిరగదు. ఆడవాళ్లు బస్తాలు నెత్తిన పెట్టుకుని మలుపు దాటి, గుట్టెక్కి రోడ్డు దాకా మోసేవారు. మామ అది బస్సులోంచి ఏటేటా చూశాడు. చూసి చూసి రిటైరు కాకముందే కొలువు మానేసి, మిలిటరీ వాళ్లు వాడి వేలం వేసిన పాత లారీ ఒకటి కొన్నాడు. కొన్న మర్నాడే గుంపుకు పోయి, "ఈ ఏడు మీరెవ్వరూ బస్తా మొయ్యొద్దు. నా బండి కల్లం కాడికే వస్తది" అని మాటిచ్చాడు. కల్లంలో కట్టలు సరిచూసే ఆమెను అందరూ కట్టల అక్క అనేవారు. ఆమె మాత్రం, "బండి వచ్చుడు సరే అన్నా, మల్ల ఎట్ల తిరుగుతది?" అని అడిగిందట. ఆ ప్రశ్నే మామను నిద్రపోనివ్వలేదు.

వారం తిరక్కుండా లారీ పాల్వంచలో వెల్డింగు మేస్త్రి షెడ్డుకు చేరింది. మామ ఆలోచన సులువైనదే. పొడుగు బండి తిరగదు కనక నడుము కోసి పొట్టి చేయాలి. అప్పటికీ తిరక్కపోతే వెనక చక్రాలు కూడా పక్కకు తిరగాలి. మిలిటరీ బండికి ముందు చక్రాలకూ ఇంజన్ బలం ఉంటుంది కాబట్టి, వెనక ఇరుసు తీసేసి, పాత సామాన్లలో దొరికిన వేరే లారీ ముందు ఇరుసు బిగించి, దానికొక స్టీరింగు, ఒక సీటు పెట్టించాడు. ఆ సీటే నా కొలువు. ఛాసిస్ కోసి అతికేటప్పుడు మేస్త్రి, "నేను అతుకు పెడత. పట్టు మాత్రం రాములవారే పెట్టాలె" అన్నాడు. మామ ఆ మాటనూ పట్టించుకుని బండిని భద్రాచలం తీసుకుపోయాడు. పూజారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కొబ్బరికాయ ఎటువైపు కొట్టమంటారు?" అని అడిగాడు. రెండు వైపులా కొట్టించాం.

ఖాళీ మైదానంలో బండి అద్భుతంగా తిరిగింది. మామ ముందు నుంచి అరిచేవాడు, నేను వెనక నుంచి అరిచేవాణ్ని, బండి ఉన్నచోటే గానుగెద్దులా తిరిగేది. చిక్కల్లా సరుకు వేశాకే. ఇద్దరి మధ్య బస్తాలు నిండితే కేక వినపడదు. "గంట కడదాం రా అల్లుడా" అన్నాడు మామ. ఎక్కడో పాత బస్సు గంట సంపాదించి తన తలకు పైన కప్పుకు కట్టి, తాడు నా చేతికిచ్చాడు. వెనక చక్రాలు ఎడమకు తిప్పితే ఒక గంట, కుడికి తిప్పితే రెండు గంటలు. ఇద్దరం తలూపాం. ఎర్రబస్సులో పుట్టి పెరిగిన ఇద్దరు మనుషులు, ఒకడు డ్రైవరు, ఒకడు ప్రయాణికుడు. అయినా మాకు ఏ అనుమానమూ రాలేదు.

గుంపుకు వెళ్లిన నాడు ఉత్తరాన మబ్బు పట్టి ఉంది. ఎండిన ఆకు తడిస్తే నల్లబడిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. అందరి కళ్లూ మా బండి మీదే. ఖాళీ బండి మలుపులో ఒక్క ఊపులో తిరిగేసరికి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మామ కిందికి దిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నాడని అప్పుడు అనుకున్నాను. జల్దీగా బస్తాలెత్తి తిరుగు ప్రయాణమయ్యాం. మళ్లీ మలుపు వచ్చింది. నేను చక్రాలు కుడికి తిప్పి, ఒప్పందం ప్రకారం రెండు గంటలు కొట్టాను.

జీవితమంతా రెండు గంటలు వినగానే బండి ముందుకు పోనిచ్చిన కాలు అది. మామ తల ఏమనుకుందో గానీ కాలు మాత్రం యాక్సిలరేటరు అదిమింది. బండి ఎగిరి దూకింది. నాకు ప్రాణం పోయినంత పనై, ఆపమని చెప్పడానికి బస్సులో కొట్టినట్టే ఒక్క గంట కొట్టాను. సరిగ్గా అప్పుడే మామకు మా కొత్త ఒప్పందం గుర్తొచ్చింది. నేను ఎడమకు తిప్పాననుకుని దానికి తగ్గట్టు తన స్టీరింగు తిప్పేశాడు. బండి పీతలా పక్కకు నడిచి, నింపాదిగా వాగు ఇసుకలో దిగబడింది. అతుకు దగ్గర నడుము విరిగింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. వాన మొదలైంది.

గుంపంతా పరుగున వచ్చి బస్తాలు దించుకున్నారు. కట్టల అక్క బస్తా నెత్తిన పెట్టుకుని మామ ముందు ఒక్క క్షణం ఆగి, "ఏటేటా పొడిగ మోసేటోళ్లం అన్నా. గీ ఏడు తడిసి మోస్తున్నం. గంతే. నువ్వు బాధపడకు" అంది. తిట్టినా బాగుండేది. మామ తనూ ఒక బస్తా ఎత్తుకుని ఆ వానలో వాళ్ల వెనకే గుట్టెక్కాడు. ఆయన వెనక నేనూ ఎక్కాను. అయినా సగం ఆకు నల్లబడింది.

అతుకు మళ్లీ నిలవదని మేస్త్రి చెప్పేశాడు. బండి పాత ఇనుము కింద అమ్ముడుపోయింది. మామ చాలాకాలం, "గంట కాదురా అల్లుడా, జెండాలు కట్టాల్సింది. ఎర్రది ఎడమకు, పచ్చది కుడికి" అంటుండేవాడు. ఎర్ర జెండా చూస్తే ఆయన కాలు ఏం చేసేదో నాకు తెలుసు, కానీ అనలేదు. తరువాత బండను పేల్చి రోడ్డు వేశారు. ఇప్పుడు ఏ లారీ అయినా కల్లం దాకా పోతుంది. మొన్న మా అబ్బాయి ఫోనులో ఏదో ఖరీదైన కారు చూపించి, "నాన్నా, దీని వెనక చక్రాలు కూడా తిరుగుతాయి!" అన్నాడు. కారు పేరు గుర్తులేదు. దాన్ని చూపించడానికి మామ లేడే అనుకున్నది మాత్రం గుర్తుంది.

ఇప్పటికీ అడవి వైపు కొన్ని పల్లె బస్సుల్లో తాడూ గంటా ఉన్నాయి. రెండు గంటలు వినిపించగానే నాకు తెలియకుండానే చేతులు లేచి గాలిలో కుడికి తిప్పుతాయి. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు. బస్సు మాత్రం తిన్నగా ముందుకు పోతుంది, మామ పోనిచ్చినట్టే.