ఊపిరి ఉండగానే

బుధవారం మా దవాఖానలో టీకాల రోజు. బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని తల్లులు వరుసగా కూర్చున్నారు, నా చేతిలో సిరంజి ఉంది. ఉపదేశి తాత కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ పొద్దుగాల పోయిండు. ఛాయ్ తాగి, జపమాల పట్టుకోని కుర్చీల కూసున్నడు. గట్లనే పోయిండు" అంది. నేను "సరే" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? మిగిలిన పిల్లలందరికీ టీకాలు వేసేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక అది దుఃఖమో, భయమో, ఒక బరువు దిగిన సుఖమో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మీలో కొందరికి ఉపదేశి అంటే ఎవరో తెలియకపోవచ్చు. ఫాదర్ నెలకొకసారి మాత్రమే వచ్చి పూజ చేసిపోయే మా లింగాల వైపు పల్లెల్లో, మిగతా రోజులన్నీ గుడి తలుపు తీసి, జపాలు చెప్పించి, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పే మనిషి ఉపదేశి. మాది వేరుశనగ వేసుకునే రైతు కుటుంబం. మా ఇంట్లో మైసమ్మకు మొక్కుతాం. ఆయన ఇల్లు మా ఇంటికి రెండిళ్ల అవతల. సాయంత్రం గుడి అరుగు మీద లెక్కలు కూడా చెబుతాడని మా నాయన నన్ను పంపాడు. లెక్కలు అయిపోగానే వాళ్ల పిల్లలకు ప్రశ్న–జవాబు మొదలయ్యేది. నేను లేచిపోయేదాన్ని కాదు. "నిన్ను సృజించినది ఎవరు?" అని ఆయన అడిగితే, వాళ్ల పిల్లలకంటే ముందు నేనే "సర్వేశ్వరుడు" అని అరిచేదాన్ని. "నువ్వు ఆగు పిల్లా, నీకు పరీక్ష లేదు" అని కసురుకునేవాడు. కసురుతూనే నవ్వేవాడు.

నాకు అన్నీ అనుమానాలే. పిత, పుత్ర, పవిత్రాత్మ ముగ్గురైతే దేవుడు ఒక్కడెట్లా అని అడిగాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నాక్కూడ తెల్వదు బిడ్డా. తెల్వకనే ఇన్నేండ్ల సంది చెప్తున్న. తెలిసినంకనే చెప్పాలంటే ఈ గుడికి తాళం ఏసుకోవాలె" అన్నాడు. పెద్దవాళ్లు తెలియదని చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. పోయినవాళ్లు పరలోకానికి ముందు ఆగే ఉత్తరించు స్థలం అంటే ఏమిటని మరోసారి అడిగితే, "బిజినేపల్లి కాడ దిగి ఇంకో బస్సు కోసం చూసినట్టు. ఊరు చేరుడు ఖాయం. ఎన్ని గంటలకో తెల్వదు. అందుకే పోయినోళ్ల కోసం జపం చేస్తం" అన్నాడు. ఇప్పటికీ బిజినేపల్లిలో బస్సు మారుతుంటే నాకు పోయినవాళ్లంతా మూటలతో నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది.

నాకు నర్సు చదువుకు సీటు వచ్చినప్పుడు ఆయన ఇంటికి పిలిచి పెరుగన్నం పెట్టి, ఒక పని నేర్పాడు. పుట్టిన బిడ్డ చావుబతుకుల్లో ఉండి, ఫాదర్ అందకపోతే, ఎవరైనా జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇవ్వవచ్చట. అది పొందనివాళ్లు కూడా. "నేను మీదాన్ని కాదు గద తాతా" అంటే, "చెయ్యి ఎవరిదన్న గానీ. శ్రీసభ, మా చర్చి, ఏం జేయాలనుకుంటదో అదే నువ్వు అనుకోవాలె, గంతే" అన్నాడు. పెరట్లోంచి ఒక సొరకాయ తెంపుకొచ్చి, బిడ్డ అనుకోమని నా ఒడిలో పెట్టాడు. "నీళ్లు నెత్తి మీద మూడుసార్లు పారాలె. తడిస్తే సాలదు. నీళ్లు పారుతుండంగనే 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అనే మాటలు నడవాలె." కానీ నీళ్లు పోసేటప్పుడు మాటలు అననివ్వలేదు, మాటలు అనేటప్పుడు నీళ్లు పోయనివ్వలేదు. రెండూ కలిపితే అది ఆట కాదు, నిజం జ్ఞానస్నానమే అవుతుందట. వాళ్ల అవ్వ, అంటే ఆయన భార్య, "సొరకాయ గూడ పరలోకం పోతదేమో సూడు" అని ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఒకటి యాదుంచుకో. ఊపిరి ఉండంగనే ఇయ్యాలె. జ్ఞానస్నానం బతికినోళ్లకే. ఉన్నదో లేదో తెల్వకుంటే, 'నీకు ప్రాణమున్నచో' అని ముందుగాల అను" అన్నాడు.

పదకొండేళ్ల కిందట ఆయన కోడలు ఏడో నెలలోనే నొప్పులతో మా దవాఖానకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసి, మహబూబ్‌నగర్ పంపడానికి అంబులెన్సు కోసం ఫోన్లు చేస్తోంది. తాత అచ్చంపేటలో ఉన్నాడు, బస్సు ఎక్కానని కబురు పంపాడు. మధ్యాహ్నం రెండు దాటింది. మంచం మీది కోడలు నా కొంగు పట్టుకుంది. "అక్కా, మామ నేర్పిండు గద నీకు. నీళ్లు పొయ్యక్కా" అంది.

కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు గ్లాసులో తెచ్చాను. పేరు కావాలి. వాళ్ల పేర్లలో నాకు ఒకటే తోచింది. "మరియా" అన్నాను. మాటలు మొదలుపెట్టి, తడబడి, మళ్లీ మొదటినుంచి అందుకున్నాను. ఎడమచేతి వేలు బిడ్డ రొమ్ము మీదే ఉంది. మొదటిసారి పోసినప్పుడు కదిలింది. రెండోసారి కదిలిందనుకుంటాను. మూడోసారికి నా వేలే వణుకుతోంది. నేను మాటలు తడబడక ముందు ఊపిరి ఉందా, మళ్లీ అందుకున్నాక ఉందా? 'నీకు ప్రాణమున్నచో' అనాలని నాకు గుర్తుకు వచ్చింది. కానీ ఆమెన్ అన్న తర్వాత వచ్చింది.

తాత మూడున్నరకు వచ్చాడు. అప్పటికే చల్లబడిన బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ఏడవలేదు. నన్ను ఒక్కటే అడిగాడు. "ఊపిరి ఉండంగనే పోసినవా బిడ్డా?"

"ఉండె తాతా" అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. జ్ఞానస్నానం పొంది పోయిన పసిబిడ్డకు పాపం ఉండదు, ఉత్తరించు స్థలం ఉండదు, నేరుగా పరలోకమే. ఆ రోజు నుంచి ఆయన ఆ బిడ్డ కోసం జపం చేయలేదు. ఆ బిడ్డనే వేడుకునేవాడు. "మా ఇంట్ల ఒక పునీతురాలు ఉన్నది" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి బోరు ఎండినా, "మరియమ్మా, తాత అడుగుతుండు, జర మా కొరకు వేడుకో తల్లీ" అనేవాడు. ఆయన అలా అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచిపోయేదాన్ని. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏమని చెప్పను? అబద్ధమాడానని కూడా చెప్పలేను. అది అబద్ధమో కాదో నాకే తెలియదు.

తాతను మట్టి చేసిన మూడో రోజు ప్రార్థనకు వెళ్లినప్పుడు ఫాదర్‌ను పక్కకు పిలిచి, పాపసంకీర్తనం చేస్తానన్నాను, అంటే తప్పు చెప్పుకుని క్షమాపణ పొందడం. ఆయన కుర్రవాడు, ఎక్కడో కోస్తా నుంచి వచ్చాడు. "మీరు జ్ఞానస్నానం పొందారా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే పాపసంకీర్తనం ఇవ్వలేనమ్మా. కానీ చెప్పండి, వింటాను." నాకు నవ్వొచ్చింది. నేను ఇవ్వగలిగిన దాన్ని నేను పొందలేదు కాబట్టి, ఇంకొకటి నాకు ఇవ్వరు. తాత ఉంటే ఎంత నవ్వేవాడో. మొత్తం విని ఫాదర్, "దేవుడు జ్ఞానస్నానం లాంటి సంస్కారాలు మనకోసం పెట్టాడమ్మా, వాటితో ఆయన తన చేతులు కట్టేసుకోలేదు. బిడ్డను ఆయన కరుణకు వదిలేయండి" అన్నాడు. మంచి మాటే. బిడ్డ సంగతి నేను ఎప్పుడో వదిలేశాను ఫాదర్, నా గోస తాత సంగతి, అందామనుకుని ఊరుకున్నాను.

అందరూ భోజనాలకు లేచాక అవ్వ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చెప్పకముందే ఆమే ఎత్తుకుంది.

"ఆ దినం కోడలుకు గూడ తెల్వదట పిల్లా, ఊపిరి ఉండెనో లేదో. నాతోని చెప్పింది. మీ తాతకు నేను చెప్పలే. గానీ ఆయనకు అనుమానం ఉండె. 'పిల్లను ఇంకోపారి అడగాలె' అంటుండె. మరి అడుగరాదా అని నేనంటే, 'అడిగితే నిజం చెప్తది. చెప్పినంక దానికి నిద్ర పట్టదు. నాకైతే జపమాల ఉన్నది, దానికేమున్నది?' అంటుండె. అడుగుడే బంద్ జేసిండు."

అవ్వ నా చేతిలో అన్నం పళ్లెం పెట్టి లేచిపోయింది.

తాత ప్రతి నెలా బీపీ గోలీలకు మా దవాఖానకు వచ్చేవాడు. గోలీలు తీసుకుని సంచిలో వేసుకున్నాక కూడా వెళ్లేవాడు కాదు. నా బల్ల ముందు నిలబడేవాడు. "ఏంది తాతా?" అంటే నోరు తెరిచేవాడు. నా ముఖంలోకి కాసేపు చూసేవాడు. తర్వాత నెమ్మదిగా నోరు మూసుకుని, "ఏం లేదు బిడ్డా, పోయొస్త" అని చెప్పులేసుకుని ఎండలోకి నడిచేవాడు.