మేడం వాళ్ల నియోజకవర్గం

వైశాఖంలో ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఎండిన ఒండ్రులోంచి ఒక వాసన లేస్తుంది. చేపల నీచు, తడారిన మట్టి కలిసిన వాసన. మునిగిపోయిన మా ఊరు రేగుంట పునాదిరాళ్లు అప్పుడు బయటపడతాయి. వాటి మీద నిలబడితే నాకు గుర్తొచ్చేది మా తాతలు కాదు, బహ్రెయిన్‌లో నేను డ్రైవరుగా పనిచేసిన మార్గరెట్ మేడం.

తొంభైల నాటి మాట. మేడం బ్రిటన్ నుంచి వచ్చి, టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక అక్కడి రిఫా పట్నంలో ఒంటరిగా ఉండేవారు. హూరా బజారులో సామాను కొనడానికి తీసుకెళ్లడం నా డ్యూటీ. మేడం వెనక సీట్లో ఏనాడూ కూర్చోలేదు. నా పక్కనే కూర్చుని, సగం హిందీ సగం ఇంగ్లీషులో తమ ఊరి పార్లమెంటు నియోజకవర్గం కథ చెప్పేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఓట్లయిన మర్నాడే గెలిచినవాణ్ణి మనం, మనల్ని వాడు మరిచిపోయే దేశం నుంచి వచ్చాను మరి.

ఒకప్పుడు అక్కడ ఆస్తో, పెద్ద అద్దె ఇల్లో ఉన్న కొద్దిమంది మగవాళ్లకే ఓటుండేదట. అదీ చాటుగా కాదు. బజారులో చెక్క వేదిక ఎక్కి, ఎవరికి వేస్తున్నదీ నలుగురికీ వినబడేలా చెప్పాలట.

"దొర ఇనంగనే చెప్పాల్నా మేడం?"

"దొర ఎదురుగానే ఉండేవాడు. మా ముత్తాత నేతపని చేసేవాడు, దొరకే అద్దె కట్టి పెద్ద ఇంట్లో ఉండేవాడు కాబట్టి ఓటుండేది. దొర నిలబెట్టిన మనిషికి వెయ్యనని గట్టిగా చెప్పాడు. ఆ వారమే ఇల్లు ఖాళీ చేయించారు."

మా దొర ఉండే గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతకు మనవణ్ణి నేను. ఆ నేతగాడి గొంతు ఎలా ఉండి ఉంటుందోనని ఆ రోజంతా ఆలోచించాను. ఆడవాళ్లకు ఓటొచ్చాక మేడం నానమ్మ పెళ్లినాటి టోపీ పెట్టుకుని వెళ్లి మొదటి ఓటు వేసిందట. ఇన్ని తరాల సంగతులు ఒక మనిషి తలలో చెదరకుండా ఉండటం చూస్తే నాకు భక్తిలాంటిది కలిగేది.

ఒక ఉదయం మేడం రేడియో విని వచ్చి కారెక్కారు.

"మా నియోజకవర్గం తీసేస్తున్నారు" అన్నారు. "వచ్చే ఎన్నికలకు ఉండదు."

తీసేయడమంటే నాకు తెలిసింది ఒక్కటే. "ఏ ప్రాజెక్టుల మునుగుతుంది మేడం? వేరే జాగ చూపిచ్చిన్రా?"

ఆవిడ నవ్వలేదు. ఊరు ఎక్కడికీ పోదని, హద్దులు మార్చి పక్క నియోజకవర్గాలకు పంచేస్తారని, పేరు మాత్రం పోతుందని చెప్పారు. నా వైపు తిరిగి, "మీ ఊరు మునిగిందా?" అని అడిగారు.

"మునిగింది. అయ్య నన్ను చంకలేసుకొని వచ్చిండంట. నాకు యాదిలేదు."

"దాని కథ చెప్పు."

గోదావరి ఒడ్డు, మట్టి గోడలు. అంతకు మించి నాకేమీ రాలేదు.

"మాకు పేరే పోతోంది, నీకు ఊరే పోయింది. చెప్పే మనిషి కూడా లేకపోతే ఇంకేం మిగులుతుంది? ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు అడిగి రా."

వెళ్లినప్పుడు అమ్మ బీడీలు చుడుతోంది. అడగగానే చేతులు ఆగాయి.

"ఎవలడిగిన్రు బిడ్డా?"

"మా మేడం."

"గా దుబాయిల మన రేగుంటనడిగెటోళ్లు ఉన్నరా?" అంటూ, గల్ఫంతా దుబాయే అనుకునే అమ్మ చాట పక్కన పెట్టింది. ఆ సెలవంతా చెబుతూనే ఉంది.

తిరిగి వచ్చాక నా వంతు వచ్చింది. నేను చెబుతుంటే మేడం వింటూ కూర్చున్నారు. అందరూ బండ్లు కట్టుకుని వెళ్లిపోయినా, నీళ్లు గడప తాకేదాకా పొయ్యి ఆర్పని ఒక ముసలమ్మ గురించి చెప్పినప్పుడు కారు పక్కకు ఆపమన్నారు.

"ఆమె పేరేంటి?"

"యెల్లవ్వ."

సరిగ్గా పలికేదాకా ఆ పేరు అనుకుంటూనే ఉన్నారు. అప్పుడే మా ఊరు నిజంగా ఉండేదని నాకు నమ్మకం కలిగింది.

మేడం పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఏటా నీళ్లు తగ్గగానే మా పునరావాస కాలనీ పిల్లల్ని ఈ రాళ్ల దగ్గరికి తీసుకొస్తాను. యెల్లవ్వ పొయ్యి ఎక్కడుండేదో చూపిస్తాను. దొర ముఖం మీదే తన ఓటు చెప్పి ఇల్లు పోగొట్టుకున్న నేతగాడి కథ కూడా చెబుతాను.

"గాయిన మన ఊరోడేనా తాతా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"మనోడే" అంటాను.