కొలవకుండా బిగించిన ఆయిల్ పాన్

తొమ్మిదేళ్ళుగా ఒక చప్పుడు నా వెంట తిరుగుతోంది. టక్, టక్, టక్. మూడే సార్లు. దాని బరువు ఎంతో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

స్టుట్‌గార్ట్ వచ్చిన కొత్తలో నాకు అన్నం పెట్టిన ఇల్లు డాక్టరుగారిది. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఆయన ఒక్కగానొక్క కొడుకు శ్రీధర్ క్యాన్సర్‌తో పోయి అప్పటికి ఏడాది. శ్రీధర్‌ను నేను చూడలేదు. అతను వదిలి వెళ్ళిన పాత అమెరికన్ కారును చూశాను. గ్యారేజీలో, దుప్పటి కింద, పొడుగాటి ముక్కు, పెద్ద ఇంజను, సగం బాగుచేసి ఉంది. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి, అంటే ఆయిల్ పాన్, తుప్పు పట్టి చిల్లుపడింది. అది మారిస్తే కారు నడుస్తుంది. కొడుకు మొదలుపెట్టిన పని పూర్తిచేసి, ఒక్కసారి అందులో కూర్చుని తిరగాలని ఆ పెద్దాయన కోరిక. నేను ఇంజను భాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని కాబట్టి ఎంపిక నాకే వదిలేశారు.

పాతదాని లోతులోనే కొత్త పాన్ దొరుకుతోంది. శ్రీధర్ రాసిపెట్టుకున్న చీటీలో ఉన్నవీ ఆ కొలతలే. చీటీ చివర జర్మన్‌లో, కింద గీత గీసి ఉంది: ముందు కొలవాలి. నేనేమో లోతైన అల్యూమినియం పాన్ తెప్పించాను. నూనె ఎక్కువ పడుతుందని వాళ్ళకు చెప్పాను. నిజానికి అది మెరుస్తోందని, నాకు ఎంత తెలుసో వాళ్ళు చూడాలని. చనిపోయిన మనిషితో పోటీ పడ్డానా? ఇప్పుడు నన్ను నేను ప్రశ్నించుకుంటే అవుననే అనిపిస్తుంది.

పాన్ లోతైతే లోపల నూనె పీల్చే గొట్టం కూడా అంత కిందికి దిగాలి. దిగిందో లేదో చూడడం కష్టం కాదు. గొట్టం మూతికి పిల్లలు ఆడుకునే మట్టి ముద్ద అంటించి, పాన్ ఒకసారి పైకి పెట్టి దింపి, ముద్ద ఎంత నలిగిందో కొలవాలి. మట్టి డబ్బా నా పక్కనే ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నం డాక్టరుగారి భార్య, ఆంటీ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డారు. విజయవాడ పంతులుగారు ఫోన్లో పెట్టిన ముహూర్తం. అది దాటితే రాహుకాలం. అయిందా నాయనా అని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగకముందే, డబ్బా మూత కూడా తీయకుండా, బిగించేసి నూనె పోశాను.

చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. కారు కదిలింది. ఆంటీ గుమ్మంలోనే ఉండిపోయారు. డాక్టరుగారు నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఆయన నవ్వడం నేను చూసింది ఆ పది నిమిషాలే. ఊరి చివర వాలులో ఆయన బ్రేకు తొక్కారు. నూనె ముందుకు పరుగెత్తింది, అందని గొట్టం గాలి పీల్చింది. నూనె ఒత్తిడి చూపే మీటరు ముల్లు సున్నాకి పడింది. లోపల్నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు మూడు దెబ్బలు. ఇంజను పట్టేసింది. కారు దొర్లుతూ వెళ్ళి ఆగిన చోటు, శ్రీధర్ చివరి నెల గడిపిన ఆసుపత్రి గేటు.

గదిలోకి వచ్చేముందు శ్రీధర్ ఎప్పుడూ తలుపు మూడుసార్లే కొట్టేవాడట. అది చెప్పి, డాక్టరుగారు నా వైపు తిరిగారు. తర్వాత అడిగారు.

"నువ్వు ఇంజనీరువి. నిజం చెప్పయ్యా. బిగించడంలో ఏమన్నా తేడా జరిగిందా?"

"లేదు సార్. అంతా మంచిగనే బిగించిన."

"అయితే వాడేనయ్యా. వాడికిష్టం లేదు. మనం ముట్టుకోకుండా ఉండాల్సింది."

తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. పాన్ సంగతి పొరపాటు, ఎవరైనా చేస్తారు. కానీ చనిపోయిన కొడుకు తన మీద అలిగాడని ఒక తండ్రి నమ్ముతుంటే నమ్మనిచ్చానే, దాన్ని ఏమనాలి? మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు రానేలేదు.

కారును లాగించుకొచ్చి లోపల పెట్టాక, ఆ గ్యారేజీ మళ్ళీ తెరవలేదు. ఏటా శ్రీధర్ పోయిన తిథినాడు ఆయన మూసిన తలుపు ముందు పులిహోర పెట్టి, చేతులు జోడించి, క్షమించమని అడుగుతారు. నన్నూ పిలుస్తారు. నేనూ చేతులు జోడిస్తాను. పోయిన ఏడాది అలా నిలబడి ఉండగా లోపల్నుంచి వినిపించింది. టక్, టక్, టక్. ఆయన, ఆంటీ, నేను, ముగ్గురం విన్నాం. చలికి ఇనుము బిగుసుకుంటే చప్పుడు చేస్తుంది, నాకు తెలుసు. మరి నేనెందుకు ఒకడుగు వెనక్కి వేశాను? వాడికింకా కోపం పోలేదన్నారు డాక్టరుగారు. ఆ కోపం ఎవరి మీదో నాకొక్కడికే తెలుసు.

శ్రీధర్ చీటీ నా వీసా కాగితాల ఫైల్లో ఉంది. వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, వచ్చినప్పుడల్లా ఫైలు తీస్తాను, అది పైకి వస్తుంది. పారేయడానికి చెయ్యి రాదు. ఇప్పుడు రాస్తున్న ఈ మాటలు ఆయనకు చూపిస్తానా? ఆయనకు ఎనభై దాటాయి, నాకింకా ధైర్యం రాలేదు. కనీసం ఇక్కడైనా ఒక్కసారి నా చేత్తో రాయాలి.

డాక్టరుగారూ, ఆ కారును ఆపింది మీ అబ్బాయి కాదు. నేను.