పొరకే స్పీకరులో మన పేరు

దియొదాతు గురించి అడిగితే మా వీధిలో ఎవరైనా ముందు ఆయన గొంతు గురించే చెబుతారు. మనిషి బక్కపలచన. నోరు విప్పితే మాత్రం గువామా ఏటి అవతలి ఒడ్డున పడవ కట్టుకుంటున్నవాడు కూడా తలెత్తి చూస్తాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఏటి ఒడ్డు హాల్లో పాటలు పెట్టే ఆ స్పీకర్ల గోడ ఆయనదే. ముట్టుకుంటే షాక్ కొట్టే చేప పేరు పెట్టాడు దానికి, పొరకే అని. నేను ఆ హాలు గుమ్మం పక్కనే వేయించిన చేప, అసాయి పళ్ళ గుజ్జు అమ్ముతాను. అందుకని ఆయన జీవితంలో సగం నా పొయ్యి ముందే గడిచింది.

పాటలు ఎవరైనా పెడతారు. దియొదాతు పాట నడుస్తుండగానే పేర్లు పిలుస్తాడు. "ఇదిగో, చాకిరేవు మహారాణి ఎర్మీనియా వచ్చేసింది! కొత్త చెప్పులేసుకొచ్చింది, కాస్త జరగండయ్యా!" అంటాడు. ఎర్మీనియా ఊరందరి బట్టలూ ఉతుకుతుంది. వారమంతా ఆమెను "ఏమ్మా, ఇటురా" అనే వాళ్ళే తప్ప పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. రేవులో మూటలు మోసేవాళ్ళదీ, ఇళ్ళలో గిన్నెలు తోమే ఆడపిల్లలదీ అదే బతుకు. ఆదివారం మాత్రం ఇంటి ఎత్తు స్పీకరులోంచి తమ పేరు తమకే వినిపిస్తుంది. దానికోసమే వచ్చేవాళ్ళు చాలామంది. నన్నడిగితే డాన్సు ఆ తరువాతే.

ఈ స్పీకర్లు మొదట్లో ఆయన మేనమామవి. గిటారు పాటలకు జంటలు మెల్లగా తిరిగే కాలం అది. దియొదాతు కుర్రతనంలో కంప్యూటర్లో చేసిన తాళం తెచ్చి పెడితే, "మనిషి చెయ్యి తగలని దరువేంట్రా, పాట చచ్చిపోయింది" అని మేనమామ మూడు రోజులు అన్నం మానేశాడు. పాట చావలేదు. ఊళ్ళో ప్రతి ఇంటి వెనక గదిలోనూ ఒకడు కంప్యూటరు ముందు కూర్చుని దరువులు చేయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు దియొదాతు మనవరాలు జమీలి వంతు వచ్చింది. ఆ పిల్ల పెట్టే పాటలు గుండె దడ కన్నా వేగం. పల్లవి అందుకునే లోపే ఇంకో పాట వచ్చి మీద పడుతుంది. దియొదాతు "ఇదిగో, చాకిరేవు..." అనేసరికి రెండు పాటలు వెళ్ళిపోయేవి. ముందువరసలో కుర్రాళ్ళు ఈలలు వేసేవారు. ఒక ఆదివారం ఆ ఈలలకు ఆయన మైకు కింద పెట్టి వచ్చి నా బల్ల మీద కూలబడ్డాడు.

"అయిపోయింది దుల్సీ. పాట చచ్చిపోయింది. నా పనీ అయిపోయింది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. మీ మామ కూడా ఇదే కూశాడు కదా!"

"మామని చూసి నవ్వాను. ఇప్పుడు నన్ను చూసి ఈలలేస్తున్నారు. వచ్చే ఆదివారం నుంచి పిల్లే చూసుకుంటది."

ఆయన మైకు వదిలేస్తే ఇంట్లో మంచం పట్టేస్తాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తరువాతి ఆదివారం హాలు కిటకిటలాడింది. జమీలి ఒక్కతే పెట్టింది, దుమ్ము రేపింది. దియొదాతు నా దగ్గర కూర్చుని అసాయిలో కర్రపెండలం పిండి కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. "జనం బాగానే ఉన్నారు" అన్నాడు. సంతోషం నటించడం ఆయనకు చేతకాదు.

అంతలో ఎర్మీనియా బయటికి వచ్చింది. "ఏంటి అన్నా, ఒంట్లో బాలేదా? నన్ను పిలవనేలేదు!"

ఆమె వెనకాలే ఈలల కుర్రాళ్ళు దిగారు. అందరూ ఒకే రంగు చొక్కాలు, వీపు మీద 'కరెంటు కుర్రాళ్ళు' అని అచ్చు. వాళ్ళ పెద్ద వెవెర్తన్ చెమటలు కక్కుతూ అరిచాడు. "తాతా! డబ్బులు పోగేసి చొక్కాలు కుట్టించుకున్నాం. స్పీకరు మా పేరే ఎత్తట్లేదు. ఇట్టాగైతే ఎలా?"

దియొదాతు తెల్లబోయాడు. "మీరేగా ఈలలేసింది?"

"మమ్మల్ని ముందు పిలవమని తాతా! నువ్వెప్పుడూ ఈ అత్తనే ముందు పిలుస్తావు!"

నేను చేపల గరిటె పట్టుకునే నవ్వాను. పేరు వినబడాలని వేసిన ఈలను, నోరు ముయ్యమన్న ఈల అనుకున్నాడు పెద్దమనిషి! "లే, ఇంకా కూర్చున్నావేం?" అని కసిరాను.

లోపలికి వెళ్ళాడు. నేనూ పొయ్యి తగ్గించి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మొదలుపెట్టాడు, దరువు వెనక మళ్ళీ చిక్కుకుపోయాడు. జమీలి ఆయన చెవిలో అరిచింది. "తాతా, పొగడ్తలొద్దు. పేరొక్కటే చెప్పు. మిగతాది నాకొదిలెయ్!"

"ఎర్మీనియా!" అన్నాడు.

జమీలి ఆ గొంతును కంప్యూటర్లో పట్టి ముక్కలు చేసి దరువులోకి విసిరింది. ఎర్-ఎర్-ఎర్మీనియా, ఎర్-ఎర్-ఎర్మీనియా. హాలంతా ఆ పేరు మీద గెంతింది. ఎర్మీనియా చెప్పులు చేత్తో పట్టుకుని కుర్రాళ్ళ మధ్యలో ఎగిరింది. తరువాత కరెంటు కుర్రాళ్ళ వంతు, తరువాత రేవు వాళ్ళ వంతు. ఒకప్పుడు పాట మీద పేర్లుండేవి, ఇప్పుడు పేర్లే పాటయ్యాయి. నా కళ్ళు చెమర్చాయి, ఒప్పుకుంటాను.

పొద్దు వాలుతుండగా జమీలి మైకు లాక్కుంది. దియొ-దియొ-దియొదాతు అని స్పీకర్లు మోగాయి. జనం అందుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని. ఎవరూ లేరు. అందరి వేళ్ళూ ఆయన వైపే ఉన్నాయి.

వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ, గుమ్మం దాకా వచ్చాడు. అంత గొంతున్న మనిషి, నాకొక్కదానికే వినబడేట్టు మాట్లాడాడు.

"జీవితమంతా పిలుస్తూనే ఉన్నాను దుల్సీ," అన్నాడు. "నన్ను పిలిస్తే ఇట్టా ఉంటదని ఒక్కరూ చెప్పలేదే."